ఎండకు పట్టిన పాకం

మా దగ్గర జీవిత చరిత్రలు రెండు రకాల మనుషులకే అచ్చవుతాయి. రైసుమిల్లు ఓనర్లకు షష్టిపూర్తి నాడు, నాయకులకు ఎన్నికల ముందు. నున్నటి కాగితం మీద రంగుల్లో వేసి పంచుతారు. వారం తిరక్కుండా ఆ కాగితాల్లోనే మనకు మిర్చిబజ్జీలు కట్టిస్తారు. హన్మా మీద అలాంటి పుస్తకం ఎవరూ వెయ్యరు. వెయ్యాల్సినంత ఘనకార్యం అతను చెయ్యలేదు. సూర్యాపేటలో బొంబాయి మిఠాయి అమ్ముతాడు. భార్య కోసం ఎదురుచూస్తాడు. రెండో పని మొదటి పని కంటే శ్రద్ధగా చేస్తాడు.

బొంబాయి మిఠాయి అంటే ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. మనిషి కంటే ఎత్తైన వెదురు బొంగు. దాని కొనకు లంగా జాకెట్టు తొడిగిన చెక్కబొమ్మ. బొమ్మ కింద బొంగుకు చుట్టిన చక్కెర పాకం ముద్ద, ఎరుపు, తెలుపు, పసుపు చారలతో. దారం లాగితే బొమ్మ చేతుల్లోని తాళాలు మోగుతాయి. ఆ చప్పుడుకు పిల్లలు వస్తారు. హన్మా ముద్దలోంచి ఒక పోగు లాగి, వేళ్ల మధ్య తిప్పి, గడియారమో తేలో నెమలో చేసి పుల్లకు గుచ్చి ఇస్తాడు. చివర మిగిలిన తునకను పిల్లవాడి చెంపకు అంటిస్తాడు. దానికి పైసలు తీసుకోడు. ఆ పనిలో అదొక రివాజు.

హన్మా వాళ్లది తుంగతుర్తి వైపు ఊరు. తండ్రి జానయ్యకు గొర్రెల మంద ఉండేది. మీసాలు రాని వయసులో హన్మా ఆ మందను అన్నకు వదిలేసి, జాతరలో కనబడ్డ ఒక మిఠాయి ముసలాయన వెంట పోయాడు. కొన్నాళ్లకు భుజం మీద బొంగుతో తిరిగొస్తే జానయ్య ఎగాదిగా చూశాడట.

"గొర్లు కాసేటోడు ఎండల పడి తిరుగుతడు. నువ్వు గూడ తిరుగుతనే ఉన్నవ్ గదరా. మరి నీ గొర్లేడున్నయ్?"

"పోరగాండ్లే నా గొర్లు నాయినా."

"అయితే బొచ్చు ఎప్పుడు కత్తిరిస్తవ్?"

ఈ మాటలు హన్మాయే నవ్వుతూ చెబుతాడు. నవ్వుతూ చెప్పడానికి అతని దగ్గర అలాంటివి చాలా ఉన్నాయి. స్వరూప సంగతి మాత్రం నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో ఆపి, బీడీ వెలిగిస్తాడు.

స్వరూప అతనికి పెద్దగట్టు జాతరలో దొరికింది. ఆమెది కోదాడ దగ్గర అనంతగిరి. ఇంట్లోవాళ్లతో కలిసి దేవుడికి మొక్కు తీర్చడానికి వచ్చింది. గట్టు మీదికి ఎక్కే దారిలో జనం ఒకరి మీద ఒకరు పడుతుంటే, ఆమె జడ వచ్చి హన్మా మిఠాయికి అంటుకుంది. లాగితే వెంట్రుకలు వస్తాయి, లాగకపోతే మిఠాయి వస్తుంది. వెనక నుంచి "ఓ లింగా" అంటూ తోస్తున్నారు. ఆగడానికి చోటు లేదు. బొంగు, జడ, ఇద్దరు మనుషులు ఒకే ముద్దగా గట్టు పైదాకా పోయారు. "నా జడ నాకియ్యి" అన్నదట స్వరూప. ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. పైకి చేరాక ఒక టీకొట్టులో వేణ్ణీళ్లు అడిగి తెచ్చి అంటుకున్న చోట తడిపి విడదీశాడు. ఆ ఏడే పెళ్లయింది.

ఈ మిఠాయి చెయ్యడం ఇద్దరి పని. చక్కెర, నీళ్లు, నిమ్మఉప్పు కలిపి కాచాలి. నూనె రాసిన బండ మీద పోసి, వేడి తగ్గుతుండగా మడిచి, గోడకు కొట్టిన కొక్కేనికి వేసి లాగాలి. లాగిన కొద్దీ తెల్లబడుతుంది. తర్వాత ఒకరు బొంగును తిప్పుతుంటే ఇంకొకరు చుట్టాలి. స్వరూప తిప్పేది, హన్మా చుట్టేవాడు. పాకం దించే దగ్గర మాత్రం రోజూ పంచాయితీ. చలికాలం తొందరగా దించాలి, లేకపోతే బిగుసుకుంటుంది. ఎండాకాలం ముదర కాచాలి, లేకపోతే నడి రోడ్డు మీద బొంగు వెంట కారుతుంది. "ఇగ దించు" అని ఆమె, "జర ఆగు" అని అతను. గల్లీ అంతా వినేవాళ్లం.

ఇప్పుడు ఆ గొడవ లేదు. మూడేళ్ల కింద ఆమె కోదాడకు పోయింది. పెళ్లి వంటలు చేసే సోమమ్మ దగ్గర పనికి కుదిరి అక్కడే గది తీసుకుంది. తిట్టుకున్నది లేదు, పెద్దమనుషుల్లో పెట్టుకున్నది లేదు. పండక్కి ఫోన్ చేసుకుంటారు. తిన్నవా అంటే తిన్నవా అనుకుంటారు. హన్మా బొంగును కిటికీ ఊచలకు తాడుతో కట్టి, తిప్పే మనిషి లేక తనే దాని చుట్టూ తిరుగుతూ పాకం చుట్టుకుంటాడు. అతని గదిలో నల్లా కారుతుంటుంది. కుక్కర్‌కు విజిల్ రాదు. గోడ పెచ్చులూడింది. ఏది చేయించమన్నా ఒకటే జవాబు: "స్వరూప వచ్చినంక సూద్దాం." ఎందుకు పోయిందని అడిగితే, "పోయింది. ఒస్తది" అంటాడు. ఆ రెండు మాటల మధ్య ఏముందో ఎప్పుడూ చెప్పలేదు.

మాది ఒకే గల్లీ. ముఖేష్ అనే ఈవెంట్ మేనేజర్ దగ్గర నేను పెళ్లిళ్లకు లైట్లు కట్టే పని చేస్తాను. పని లేని రోజుల్లో చదువుతాను. పాత కాగితాల దుకాణంలో తూకానికి కొన్న సైన్సు పత్రికలు నా దగ్గర ఒక బస్తా ఉన్నాయి. సగం మాటలు తెలియవు, ఫోనులో వెతుక్కుంటాను. వాటిలో ఒకదాంట్లో హన్మా మిఠాయి కనిపించింది. ఆ పేరుతో కాదు. అందులో దాని పేరు అతిశీతల ద్రవం.

సంగతి ఇది. ద్రవాన్ని చల్లబరిస్తే ఒక హద్దు దగ్గర గడ్డకట్టాలి. నీళ్లు మంచు అయినట్టు, పాకం చక్కెర పలుకులు అయినట్టు. కొన్ని ద్రవాలు ఆ హద్దు దాటి చల్లబడినా గడ్డకట్టవు. వాటి అణువులకు వరుసగా కుదురుకునే సందు దొరకదు. ఇంకా చల్లబడుతుంటే కదలిక మందగిస్తుంది, ఇంకా మందగిస్తుంది, చివరకు ఎక్కడివి అక్కడే నిలిచిపోతాయి. అదే గాజు. గాజులో వరుస లేదు, క్రమం లేదు. నడుస్తూ నడుస్తూ నిలబడిపోయిన జనం లాంటిది అది. హన్మా పాకంలో నిమ్మఉప్పు వేసేది కూడా అందుకే, పలుకు కట్టకుండా.

నన్ను పట్టుకున్నది దాని తర్వాతి సంగతి. నిలిచిపోయే ముందు ఆ ద్రవం అంతా ఒకేలా మందగించదట. ఒక చోట అణువులు ఒకదాన్నొకటి పంజరంలా బిగించుకుని కదలవు. దాని పక్కనే ఇంకో చోట ఒకటి జరిగితే దాని వెనక ఇంకొకటి, తాడు లాగినట్టు సాగిపోతాయి. కొంతసేపటికి కదిలిన చోటు బిగుసుకుంటుంది, బిగుసుకున్న చోటు కదులుతుంది. ఒక్క క్షణం ఆపి ఫోటో తీసినట్టు చూస్తే మాత్రం రెండు చోట్లూ ఒక్కలాగే ఉంటాయి. ఏది కదిలేదో ఏది కదలనిదో వాటి అమరికను చూసి చెప్పవచ్చా, మామూలు చూపుకు అందని తేడా ఏదన్నా ఆ అమరికలో ఉందా అని పెద్ద పెద్ద వాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. చదువుతుంటే నాకు పెద్దగట్టు ఎక్కే జనం గుర్తొచ్చారు. అందరూ ఒకే తీరు ఇరుక్కుని ఉంటారు. ఉన్నట్టుండి ఒక చోట పదిమంది వరుసగా ముందుకు జారిపోతారు. వాళ్ల పక్కవాళ్లు మాత్రం ఉన్న అడుగులోనే ఉంటారు. ఎవరు జారిపోతారో ముందుగా చూసి ఎవరూ చెప్పలేరు.

ఇది నాకొచ్చిన భాషలో హన్మాకు చెప్పాను. అతను బొంగు మీద ప్లాస్టిక్ కవరు కడుతున్నాడు.

"అన్నీ మంచిగనే చెప్పినవ్ తమ్మీ. మొత్తానికి ఇది గట్టిదా, నీళ్లదా?"

"రెండూ కాదు హన్మన్నా. గట్టిపడే జాగ దాటొచ్చింది. ఇంకా గట్టిపడలె."

"మా స్వరూప లెక్క. పోయిందనడానికి లేదు, ఉన్నదనడానికి లేదు."

నవ్వాడు. ఆ తర్వాత కవరు ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

మే నెలలో మిర్యాలగూడలో ఒక పెళ్లి ఒప్పుకున్నాడు ముఖేష్. మిల్లు ఓనరు నరసింహారావు కూతురు వర్షది. వాళ్లకు పల్లెటూరు కావాలట. పల్లెల నుంచి వచ్చిన వడ్లతోనే మిల్లు కట్టినవాళ్లు, నిజం పల్లెకు పోతే చెప్పులకు పేడ అంటుతుందని, ఫంక్షన్ హాల్లోనే థర్మకోల్‌తో పల్లె కట్టించుకుంటారు. గుడిసె థర్మకోల్, ఎద్దు థర్మకోల్, చిలక జోస్యానికి ప్లాస్టిక్ చిలక. ఒక మూల గాజులమ్మే మలారం, ఇంకో మూల బొంబాయి మిఠాయి. హన్మాను అడిగి రమ్మని ముఖేష్ నన్నే పంపాడు.

"నాకెందుకు తమ్మీ ఆ పెద్దోళ్ల పెండ్లి" అన్నాడు హన్మా. బీడీ వెలిగించి, "వంటలు ఎవలయి?" అన్నాడు.

"కోదాడ సోమమ్మ బ్యాచ్."

బీడీ ఆర్పేశాడు. "సోమమ్మనా? ఖాయమేనా?"

"ఖాయమే."

"వస్త అని చెప్పు."

ఆ పూట నుంచి పెళ్లి దాకా అతను వేరే మాట మాట్లాడలేదు. "నెమలి చేస్త తమ్మీ. ఇంత పొడుగు తోక. నా చుట్టు పోరగాండ్లు గుంపు కట్టి ఉండాలె, పెద్దోళ్లు ఫోన్లు పట్టుకొని ఫోటోలు తియ్యాలె, గప్పుడు స్వరూప సూడాలె. మూడేండ్ల సంది మనసుల అనుకుంటున్న. గప్పుడు అడుగుత, ఇంటికి పోదాం పా అని. కాదంటదా?"

"ఏమో అన్నా."

"కాదనది" అన్నాడు. కొత్త చొక్కా కొన్నాడు. పాడైన కుక్కర్ గాస్కెట్ కూడా ఒకటి కొనుక్కొచ్చాడు.

నేను ముందురోజే మిర్యాలగూడ పోయాను. ఊరంతా ఉడికిన వడ్ల వాసన, ఊక బూడిద. హాల్లో లైట్లు కట్టాను. పెళ్లినాడు పొద్దున్నే హన్మా సూర్యాపేటలో పాకం పట్టాడు. హాలు ఏసీ అని ముఖేష్ అతనికి ఫోన్లో చెప్పే ఉన్నాడు. హన్మా పాకం పట్టేది నెలను బట్టి. మాఘంలో మాఘం పాకం, వైశాఖంలో వైశాఖం పాకం. అతని జీవితంలో మిఠాయి ఎప్పుడూ ఆకాశం కిందే ఉంది. జాతర్లు, బడి గేట్లు, బస్టాండ్లు. ఏసీ అంటే చుట్టాలు కూచునే చోటికి గాలి కొట్టే మిషను అనుకున్నాడు. అది ఒక కాలాన్ని బయట ఆపేసి లోపల ఇంకో కాలం పెడుతుందని అతనికి తట్టలేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది కాబట్టి, స్వరూప ముందు పాకం కారకూడదు కాబట్టి, మామూలుకంటే ముదర కాచాడు.

వచ్చేసరికి ముద్ద నిగనిగలాడుతోంది. ముఖేష్ ఎర్ర తలపాగా, కిరాయి ధోవతి తీసుకొచ్చాడు.

"ఇవెందుకు సేటూ? నేను ప్యాంటు మీదనే అమ్ముత."

"ఫోటోల కోసం అన్నా. ప్యాంటు ఏస్కుంటే పల్లెటూరు లెక్క ఉండదు."

"నేను పల్లెటూరోన్నే గద."

"అది నాకు తెలుసు అన్నా, కెమెరాకు తెల్వది."

కొత్త చొక్కా మీదికి ఆ ధోవతి, తలపాగా కట్టుకుని థర్మకోల్ గుడిసె పక్కన నిలబడ్డాడు. తాళాలు మోగించాడు. పట్టుబట్టల పిల్లలు వచ్చారు. మొదటి పిల్లకు గడియారం బాగానే కట్టాడు. రెండోది కడుతుంటే పోగు మధ్యలో పుటుక్కుమంది. హన్మా నవ్వి ఇంకో పోగు లాగాడు. అదీ తెగింది. ముద్దను అరచేతులతో పట్టి వెచ్చబెట్టాడు. చెయ్యి ఆనిన చోట మెత్తబడింది, ఆనని చోట రాయిలా ఉంది. లాగితే మెత్తనిది సన్నగా సాగి పోతుంది, గట్టిది కదలదు, రెండూ కలిసే చోట విరుగుతుంది. పైకి చూస్తే ముద్ద అంతటా ఒకే మెరుపు, ఒకే చారలు. వేలు పెడితే తప్ప ఎక్కడ ఏముందో తెలియదు. నోటితో ఆవిరి ఊదాడు. తలపాగా తీసి ముద్దకు చుట్టాడు. పిల్లలు నవ్వారు.

"అంకుల్, ఇది మిఠాయా, గ్లాసా?" అన్నాడు ఒక పిల్లవాడు.

తెలియకుండానే సరిగ్గా అన్నాడు.

అప్పుడు హన్మా తల ఎత్తి చూశాడు. హాలు అవతలి తలుపు దగ్గర మజ్జిగ గ్లాసుల ట్రే పట్టుకుని స్వరూప నిలబడి ఉంది. మూడేళ్లలో కొంచెం ఒళ్లు చేసింది. ముక్కుపుడక మారింది. ఆమె చూస్తోందని తెలిసి అతను ఆగిపోవలసింది. ఆగలేదు. నెమలి మొదలుపెట్టాడు. చేతుల వేడంతా పెట్టి తోక లాగాడు. తోక వచ్చింది, విసనకర్రలా విచ్చుకుంది. పిల్లలు నోరు తెరిచారు. ఒకావిడ ఫోను పైకెత్తింది. మెడ తిప్పుతుంటే టప్పున విరిగింది. నెమలి పాలరాయి మీద పడి గాజుపెంకుల్లా చెదిరిపోయింది.

ముఖేష్ పరుగున వచ్చాడు. "ఏం పనే అన్నా ఇది! పోరగాండ్ల కాళ్లకు గుచ్చుకుంటయ్. జల్ది తీసెయ్. పీచుమిఠాయి మిషన్ తెప్పిస్త."

హన్మా కింద కూచుని పెంకులు ఏరుతున్నాడు. కొత్త చొక్కాలో ఏరుకున్నాడు. ఇంకో రెండు చేతులు వచ్చి ఏరడం మొదలుపెట్టాయి.

"ఎండకు పట్టినవా?" అంది స్వరూప, తల ఎత్తకుండా.

"ఊ."

"ఏసీ హాల్ల ఎండ ఏడుంటదయ్యా? బుర్ర ఉన్నదా?"

"లోపల ఇంత సలి ఉంటదని నాకేం ఎరుక? దించమని చెప్పేటోళ్లు గూడ లేకపాయె."

ఆమె చివరి పెంకు ఏరి ఒడిలో వేసుకుని లేచింది. "బొంగు పట్టుకొని ఎనకకు రా. పొయ్యిల కాడ కరుగుతది."

హాలు వెనక రేకుల షెడ్డు. వరసగా గ్యాసు పొయ్యిలు, వాటి మీద గుండిగలు. లోపల మాఘం అయితే ఇక్కడ రోహిణి. బొంగు వస్తుంటే చూసి సోమమ్మ గరిటె ఎత్తింది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం పెళ్లి మేళం.

"ఎవరయ్యా అది, కర్రకు బొమ్మ కట్టుకొచ్చావు? ఆ బొమ్మ నా పప్పులో పడిందంటే పప్పంతా నీతోనే తాగిస్తాను."

"మా ఆయన పెద్దమ్మా" అంది స్వరూప.

సోమమ్మ గరిటె దించింది. హన్మాను తల నుంచి చెప్పుల దాకా చూసింది. "ఓహో. ఈయనేనా ఆయన. ఇన్నాళ్లకు దొరికాడే! కూర్చో బాబూ, పొయ్యికి మరీ దగ్గరగా పోకు, నువ్వూ కరుగుతావు."

స్వరూప బొంగు పట్టింది. పొయ్యికి ఎంత దూరంలో పెట్టాలో అడగలేదు. నెమ్మదిగా తిప్పుతూ, బొటనవేలితో ముద్దను అక్కడక్కడా నొక్కి చూస్తూ, గట్టి చోటును మంట వైపుకు, మెత్తని చోటును నీడ వైపుకు తిప్పింది. ఒక పక్క జారడం మొదలవగానే ఇంకో పక్కకు తిప్పేసింది. కాసేపటికి ముద్ద అంతా ఒకే తీరుకు వచ్చింది.

"ఇగ లాగు" అంది.

"జర ఆగు" అన్నాడు హన్మా.

"ఆగితే కారుతది. లాగమంటున్న గద!"

లాగాడు. తెగలేదు. సన్నటి పోగు అతని వేళ్ల నుంచి బొంగు దాకా మెరిసింది. వంటవాళ్లలో ఒకామె తన కూతురికని గడియారం అడిగింది. తాళాల చప్పుడు లోపలికి వినిపించిందేమో, పట్టుబట్టల పిల్లలు ఒక్కొక్కరే వెనక తలుపు తోసుకుని వచ్చారు. వాళ్లను పట్టుకుపోవడానికి వచ్చిన తల్లులు కూడా అక్కడే నిలబడ్డారు. ముఖేష్ వచ్చి చూసి, కెమెరావాణ్ని పిలుచుకొచ్చాడు. హన్మా చేతులు పరుగెడుతున్నాయి. తేలు, చేప, గులాబీ, నెమలి. ప్రతి పిల్లవాడి చెంపకూ ఒక తునక. స్వరూప బొంగు తిప్పుతోంది. ఆమె జడ మిఠాయికి తగలకుండా పైట చెంగు తల చుట్టూ చుట్టుకుంది. ఇద్దరూ చెమటలో మునిగిపోయి ఉన్నారు. అతను అనుకున్నదంతా జరిగింది. గుంపు కట్టింది, ఫోటోలు తీశారు, స్వరూప చూసింది. నేను లైట్ల పని వదిలేసి అక్కడే నిలబడిపోయాను. మా గల్లీలో మూడేళ్లుగా ఆగిపోయిన గొడవ మళ్లీ వినిపిస్తోంది.

భోజనాలయ్యాయి. గుండిగలు కడిగి వ్యానులో ఎక్కిస్తున్నారు. స్వరూప నల్లా దగ్గర మోచేతుల దాకా అంటిన పాకం కడుక్కుంటోంది. హన్మా పక్కన నిలబడ్డాడు. ఆ మాట అడగడానికి మూడేళ్లు తయారయిన మనిషి, చొక్కా గుండీ తిప్పుతూ అడిగాడు.

"ఇంటికి పోదాం పా స్వరూపా."

ఆమె నీళ్లు ఆపింది.

"ఏ ఇంటికి?"

"మన ఇంటికే. కుక్కర్ గాస్కెట్ గూడ తెచ్చిన."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు పోయేదాకా ఆగి మాట్లాడింది. "నిన్ను కోదాడకు రమ్మని పిలిచి మూడేండ్లాయె. యాదికున్నదా? గది తీసుకున్ననాడే ఫోన్ చేసిన. రెండు కొక్కేలు కొట్టించిన గోడకు, నీ పాకానికి. అవి గట్లనే ఉన్నయ్. వాటికి నేను సంచులు తలిగేసుకుంటున్న."

ఈ సంగతి హన్మా నాకు ఎప్పుడూ చెప్పలేదు. పక్కనే లైట్ల వైర్లు చుడుతున్న నేను అతని మొహం చూశాను. అతను నల్లా వైపు చూస్తున్నాడు.

"కోదాడల నన్నెవరు ఎరుగుతరు" అన్నాడు.

"సూర్యాపేటల ఎవరెరుగుతరు? నువ్వు పోతుంటే బొమ్మను సూస్తరు, నిన్ను సూస్తరా?"

"ఇస్కూళ్లు తెరిచే టైమాయె. నేను లేకపోతే గేటు కాడ..."

"ఇస్కూళ్లు బందున్నయ్. ఇంకో నెల దాక తెరవరు."

"రూము కిరాయి కట్టి ఉన్నది."

"నెల ఒడిసినంక రా మరి."

స్వరూప చేతులు చీరకు తుడుచుకుంది. గొంతు తగ్గించింది. "నేను కోపం చేసుకొని పోలేదు. నువ్వు ఊర్లు తిరుగుతవ్, నేను తలుపు కాడ కూసుంటా. కూసోని కూసోని ఒకనాడు లేసిన. ఇప్పుడు గాడ నాకొక పని ఉన్నది, నా పేరు పెట్టి పిలిచేటోళ్లున్నరు. నువ్వొస్తే ఇంకా మంచిగుంటది. ఇయ్యాల పొయ్యి కాడ ఎంత మంచిగున్నదో, రోజూ గట్లుంటది. వ్యాన్ల జాగ ఉన్నది. పా."

"నువ్వొస్తే మంచిగుంటది స్వరూపా."

"నేనొస్తే నీకు మంచిగుంటది. నువ్వొస్తే నీకేమైతది?"

హన్మా నోరు తెరిచాడు. ఆ నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు. వస్తుందనే అనుకున్నాను. ఇన్నాళ్లూ నేను హన్మాను తిరిగే మనిషి అనుకున్నాను. తుంగతుర్తి, అర్వపల్లి, మాడుగులపల్లి, జాతర జాతరకూ బొంగు వేసుకుని పోతాడు కదా. స్వరూప ఒకచోట పట్టుకుని కూచుందనీ, ఆమె కదిలి రావాలనీ గల్లీలో అందరితో పాటు నేనూ అనుకున్నాను. నల్లా దగ్గర ఇద్దరూ ఒకే తీరుగా నిలబడి ఉన్నారు, ఒకే తీరుగా తడిసి ఉన్నారు. ఆ క్షణం ఎవరన్నా ఫోటో తీస్తే, ఇద్దరిలో ఎవరు వెళ్లగలిగేవారో ఎవరు కాదో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

"స్వరూపా! రా తల్లీ, డ్రైవరు గోల చేస్తన్నాడు" అని సోమమ్మ కేక వేసింది. ఆ తర్వాత, "ఆయన కూడా వస్తే ఎక్కించు. గుండిగల మధ్య కూర్చోబెడదాం" అంది.

"వచ్చే ముహూర్తాలకు సూద్దాం" అన్నాడు హన్మా.

స్వరూప అతని చొక్కా జేబులో మిగిలిపోయిన నెమలి పెంకులు రెండు తీసి, గుచ్చుకుంటాయని అవతల పారేసింది. వ్యాను ఎక్కింది. గుండిగలు ఒకదానికొకటి తగులుతూ చప్పుడు చేసుకుంటూ పోయాయి. హన్మా గేటు దాకా వెంట నడిచాడు. గేటు దగ్గర ఆగాడు.

సూర్యాపేటకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఊరు దగ్గర పడుతుండగా, "రెండు కొక్కేలు కొట్టించిందంట తమ్మీ" అన్నాడు. అదేదో ఆ పూటే తెలిసిన విషయంలా.

ఆ తర్వాత హన్మా తిరిగే దారి మారింది. తుంగతుర్తి వైపు పోవడం మానేశాడు. బడులు తెరిచాక కొన్నాళ్లు చివ్వెంల పోయి వచ్చాడు. వానలు పడ్డాక మునగాల దాకా పోతున్నాడు. మునగాల దాటితే తర్వాత కోదాడే. అక్కడి పిల్లలు బాగా కొంటారని చెబుతాడు. వానాకాలం మిఠాయి ఎవరు కొంటారు? గాలిలో తేమకే పాకం జిగటెక్కి చేతులకు అంటుకుంటుంది. నేను ఒకరోజు పని మీద అటు పోతూ చూశాను. బస్టాండులో రేకు కింద నిలబడి ఉన్నాడు. కోదాడ బస్సు వచ్చి ఆగితే తల ఎత్తాడు. ఎక్కేవాళ్లందరూ ఎక్కేదాకా చూశాడు. బస్సు కదిలాక దారం లాగి తాళాలు మోగించాడు. చుట్టుపక్కల ఒక్క పిల్లవాడు లేడు.

మొన్న స్వరూప నాకు ఫోన్ చేసింది.

"మునగాల దాక వస్తున్నడంట గదా మీ అన్న?"

"అవును వదినా. దినాం పోతున్నడు."

అవతల గిన్నెలు చప్పుడవుతున్నాయి.

"మునగాల నుంచి కోదాడకు బస్సులే గాదు, ఆటోలు గూడ ఉంటయని చెప్పు" అంది.

సాయంత్రం చెప్పాను. హన్మా గడప మీద కూచుని బొంగుకు అంటిన జిగట పాకాన్ని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడం ఆపాడు. ఆమె ఏ గొంతుతో అన్నది, నవ్వుతూ అన్నదా, కోపంగా అన్నదా, ఇంకేమన్నా అన్నదా అని మూడు నాలుగు తీర్లుగా అడిగాడు. అన్నీ చెప్పించుకున్నాక బొంగును ఆ కొన నుంచి ఈ కొన దాకా చూశాడు.

"ఆటోల బొంగు పట్టది తమ్మీ" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అతని గదికి తాళం వేసి ఉంది. మునగాల పోయాడు.